మిల్లీ కిర్‌కమ్: మాటల్లేని గొంతు

ఎల్విస్ ప్రెస్లీ 'బ్లూ క్రిస్మస్' మళ్లీ ఒకసారి పెట్టండి. ఈసారి ఎల్విస్‌ని వదిలేసి వెనకాల "ఊ... ఊ... ఊ..." అని జారుతూ ఊగే ఆడగొంతునే పట్టుకుని వెళ్లండి. అది అమెరికా కంట్రీ సంగీతానికి (పల్లె బాణీ నుంచి వచ్చిన పాటలకి) కేంద్రమైన నాష్‌విల్‌లో కోరస్ గాయని మిల్లీ కిర్‌కమ్‌ది. 1957 సెప్టెంబరు, హాలీవుడ్. అప్పుడామె ఆరు నెలల గర్భిణి. ఎల్విస్‌కి ఆ పాట మీద మనసు లేక ఏదో ఒక తమాషా చేయమన్నాడట. ఆమె మొదలుపెట్టిన ఊగుడు ఆపలేదు, చివరిదాకా సాగింది.

అసలు ఆమెకి పేరు తెచ్చింది అంతకుముందు కంట్రీ గాయకుడు ఫెర్లిన్ హస్కీ పాడిన 'గాన్'. 1956 నవంబరులో నాష్‌విల్‌లోని బ్రాడ్లీ స్టూడియోలో రికార్డు చేశారు. ఫిడేలు, స్టీల్ గిటార్ ఉండాల్సిన చోట జోర్డనేర్స్ అనే కోరస్ బృందంలోని నలుగురి మగగొంతులు, వాటి మీద ఈమె పైస్థాయి. కంట్రీ పాట పట్నపు నునుపు తేలడానికి ఇదొక మలుపు.

ఆ రోజుల్లో కోరస్ పనిలో వేగమే ప్రధానం. మూడు గంటల రికార్డింగ్ సెషన్‌లో నాలుగు పాటలు పూర్తి కావాల్సి వచ్చేది. ముందుగా రాసిన నోటేషన్ ఉండేది కాదు. జోర్డనేర్స్‌లో నీల్ మాథ్యూస్ అందుకే కార్డ్‌లకి (ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపులకి) అంకెలు వాడాడు: సి శ్రుతిలో 1, 4, 5 అంటే సి, ఎఫ్, జి. గాయకుడికి ఎత్తు చాలక డి శ్రుతికి మారితే అవే అంకెలు డి, జి, ఎ అవుతాయి, కాగితం మార్చక్కర్లేదు. శ్రుతి ఏదైనా 'స' సయే అన్న మన లెక్కలాంటిదే. కాకపోతే అక్కడ అంకె ఒంటి స్వరానికి కాదు, కార్డ్‌కి.

కోరస్ చెడేది ఎక్కువగా హల్లుల దగ్గర. నలుగురు నాలుగు క్షణాల్లో 'స్' అంటే బుసకొట్టినట్టు ఉంటుంది. ఒక్కరు పలికి మిగతావాళ్లు మింగేయాలి. గమకం ఎక్కువైతే గొంతులు కలవవు. అందరూ ఒకేసారి పాడి వాయించే రోజుల్లో ఒకరు తప్పితే పాట మొత్తం మళ్లీ మొదటికి.

1980లో కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' వినండి. ఆయన పాట ఆపి మాటలు చెప్పే చోట, వెనక మిల్లీ గొంతు మళ్లీ లేస్తుంది. ఇక్కడా మాటల్లేవు.