అభిమానం పోయాక చూసిన లింకిన్ పార్క్

మా అక్క కూతురు అడగకపోతే నేను అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ కాన్సర్ట్‌కి వెళ్లేవాణ్ణి కాదు. దానికి పదిహేడేళ్లు. ఆ బ్యాండ్ దానికి 2024లో ‘ది ఎంప్టీనెస్ మెషీన్’ పాటతో పరిచయమైంది. నా అభిమానమేమో వాళ్ల ‘మీటియోరా’ ఆల్బమ్ వచ్చిన 2003లో మొదలై, నాకే తెలియనంత మెల్లగా ఆగిపోయింది. “మావయ్యా, నువ్వు వీళ్ల పాటలు తెగ వినేవాడివట కదా, అమ్మ చెప్పింది. నాతో రావా?” అంది. సరేనన్నాను.

తెగ వినడం నిజమే. 1996లో జీరో అనే పేరుతో మొదలయ్యారనీ, 1999లో ఆరిజోనా నుంచి గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ వచ్చి చేరాడనీ, మొదటి ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’ రికార్డింగ్‌లో బేస్ గిటార్ చాలావరకు గిటారిస్టు బ్రాడ్ డెల్సనే వాయించాడనీ ఎవరడిగినా చెప్పేవాణ్ణి. ఆ ఆల్బమ్ నలభై నిమిషాలు కూడా ఉండదు. రాత్రి పడుకునే ముందు మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా వినేవాణ్ణి. అందులో ఒక్క బూతు మాట ఉండదు. కోపమంతా గొంతులోనే ఉంటుంది. ఆ వయసులో నేను ఎవరి ముందూ గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి కాదు. చెస్టర్ నా బదులు కూడా అరుస్తున్నాడని గట్టిగా నమ్మేవాణ్ణి.

వినడం మానేయడానికి గొడవేమీ జరగలేదు. 2007లో ‘మినిట్స్ టు మిడ్‌నైట్’ వచ్చేసరికి ర్యాప్ తగ్గింది. 2010లో వచ్చిన ‘ఎ థౌజండ్ సన్స్’లో గిటార్లు వెనక్కి వెళ్లి ఎలక్ట్రానిక్ శబ్దాలు ముందుకొచ్చాయి. పాటల మధ్య అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ గొంతు, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం వినిపించాయి. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆ ఆల్బమ్ ఒకసారి విని పక్కన పెట్టేశాను. ఆ తర్వాత వచ్చినవి విననేలేదు.

2017 జులైలో చెస్టర్ చనిపోయాడు. 41 ఏళ్లు. వార్త చదివాకే, అంతకు రెండు నెలల ముందు ‘వన్ మోర్ లైట్’ అనే ఆల్బమ్ విడుదలైందని తెలిసింది. పాత స్నేహితులు ఒక్కొక్కరూ ఫోన్ చేశారు. అందరం అదే మాట అన్నాం: చాలా కాలమైంది కదా, వింటున్నావా ఇంకా? ఎవరూ వినడం లేదు. అయినా అందరికీ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు అతని సంగతే పట్టించుకోని నేను ఇప్పుడెలా ఏడవాలి అనిపించింది. ఆ ప్రశ్న చాలా కాలం నాతోనే ఉండిపోయింది. అందుకే ఆ ఏడాది అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో అతని కోసం మిగతావాళ్లు చేసిన కాన్సర్ట్ వీడియోలు కూడా చూడలేదు. అక్కడ ‘నమ్’ పాటలో చెస్టర్ మైక్ స్టాండ్‌కి పూలు కట్టి వదిలేసి, బ్యాండ్ సంగీతం మాత్రమే వాయించిందట. పాటంతా జనమే పాడారట. విన్నాను, చూడలేదు.

మేం వెళ్లిన టూర్‌లో ఇండోర్ అరీనాల్లో స్టేజీ హాలు మధ్యలో పెట్టారు. నాలుగు వైపులా జనం. మనిషి మన వైపు తిరిగినప్పుడు ముఖం, అవతలికి వెళ్లినప్పుడు వీపు కనిపిస్తుంది. లైట్లు ఆరగానే నా కళ్లు వెతికింది పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ వాయించే బ్రాడ్‌ని. అతను బ్యాండ్‌లోనే ఉన్నా టూర్లకి రావడం లేదు, స్టేజీ మీద అలెక్స్ ఫెడర్ వాయిస్తున్నాడు. డ్రమ్స్ దగ్గర రాబ్ బోర్డన్ స్థానంలో కాలిన్ బ్రిటన్. పాత ఆరుగురిలో ర్యాప్ చేసే మైక్ షినోడా, డీజే జో హాన్, బేస్ వాయించే ఫీనిక్స్ మాత్రమే కనిపించారు. పాడటానికి చెస్టర్ చోట ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్. నా పక్కన ఉన్న పిల్లకి ఎవరూ తక్కువైనట్టు అనిపించలేదు. దానికి ఇదే బ్యాండ్.

మొదటి పాటలు నాకు కష్టంగా గడిచాయి. ‘సమ్‌వేర్ ఐ బిలాంగ్’ మొదలవగానే కాళ్లు వాటంతట అవే కదిలాయి, ప్రతి మాటా నోటికి వచ్చింది. కానీ ‘క్రాలింగ్’ దగ్గర నా చెవి మొండికేసింది. కోరస్ రాబోతోందనగా చెస్టర్ గొంతు కోసం సిద్ధమైపోయింది. ఎమిలీ బాగా పాడింది. ఆమె అతన్ని అనుకరించదు. ఆమె గొంతులో బరువు వేరు, గరుకు వేరు. చెస్టర్ అరుపు సన్నగా పైకి లేచి అక్కడ పగిలేది. ఆమెది కింద నుంచే రాపిడితో వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండటం నావల్ల కాలేదు.

అప్పుడు మైక్ షినోడాని చూడటం మొదలుపెట్టాను. రికార్డుల్లో అతని ర్యాప్ నాకు చెస్టర్ వచ్చేదాకా దాటాల్సిన దూరం మాత్రమే. ఇష్టమే, కానీ ఎదురుచూపంతా కోరస్ మీదే. ఇక్కడ స్టేజీ మీద పని జరిగే తీరు కళ్ల ముందు కనిపించింది. ర్యాప్ చేస్తాడు, వెంటనే గిటార్ అందుకుంటాడు, కీబోర్డు దగ్గరికి వెళ్తాడు, మళ్లీ మైక్ పట్టుకుని స్టేజీ అవతలి అంచుకి పరుగెత్తుతాడు. ఎమిలీ కోరస్ ఎత్తుకునే ముందు ఆమె వైపు ఒకసారి చూస్తాడు. ఆ చూపులో అజమాయిషీ లేదు. నువ్వు వస్తున్నావుగా అని కనుక్కుంటున్నట్టు ఉంది.

ఈ పాటలు ఇద్దరు మనుషుల కోసం కట్టినవని అక్కడ నిలబడి వింటుంటే అర్థమైంది. ‘ఇన్ ది ఎండ్’ రికార్డులో మైక్ ర్యాప్ చేస్తుంటే మధ్య మధ్య ఖాళీల్లో చెస్టర్ చిన్న చిన్న మాటలు అందిస్తాడు. ‘పేపర్‌కట్’ కోరస్‌లో ఇద్దరి గొంతులూ కలిసి పరుగెత్తుతాయి. ఒకరు లెక్కగా, పొడిగా చెబుతుంటే ఇంకొకరు ఆ మాటల కింద ఉన్న బాధని పైకి తీస్తారు. ఆ రెండో మనిషి చోటు పాటలోనే రాసి ఉంది. అందుకే ఎమిలీ అక్కడ నిలబడగలుగుతోంది. ‘ది ఎంప్టీనెస్ మెషీన్’లో మొదటి చరణం, మొదటి కోరస్ మైక్ ఒక్కడే పాడతాడు. రెండో చరణంలో గానీ ఆమె రాదు. కొత్త మనిషిని జనానికి పరిచయం చేసే పాటని అలా కట్టడం నాకు చాలా మర్యాదగా అనిపించింది. మా పిల్ల అయితే ఆ క్షణం కోసమే వచ్చింది. ఆమె గొంతు వినపడగానే నా చెయ్యి పట్టుకుని ఎగిరింది.

ఆ రాత్రి నాకు అన్నిటికంటే నచ్చింది ‘ది క్యాటలిస్ట్’. ‘ఎ థౌజండ్ సన్స్’లోని పాట. నాకు దీనితో జ్ఞాపకాలేమీ లేవు. ఏ గదీ, ఏ స్నేహితుడూ, ఏ వయసూ గుర్తుకురాదు. అందుకే కాబోలు, ఆ పాట మాత్రమే సూటిగా వచ్చి తగిలింది. కింద డ్రమ్స్ పరుగెత్తుతుంటే పైన ప్రార్థనలాంటి వరుస మళ్లీ మళ్లీ తిరుగుతూ ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. ఒక్కసారిగా అంతా ఆగి, ఒంటరి గొంతు మిగులుతుంది, జనం దాన్ని ఎత్తుకుంటారు. ఇంత పెద్ద హాలు కోసమే రాశారేమో అనిపించింది. అదే ఆల్బమ్‌లోని ‘వెయిటింగ్ ఫర్ ది ఎండ్’ కూడా అంతే. ‘మీటియోరా’ పాటలు వింటున్నంతసేపూ నేను సగం అక్కడ, సగం ఇరవై ఏళ్ల వెనక ఉన్నాను. ఈ రెండు పాటల్లో మాత్రం పూర్తిగా అక్కడే ఉన్నాను.

‘గివెన్ అప్’లో ఆ పొడవాటి అరుపు వస్తుంది. రికార్డులో చెస్టర్ 17 సెకన్లు ఆపకుండా అరిచాడు. ఆ చోటు వచ్చేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది, ఎమిలీ దాన్ని పట్టుకుని నిలబడింది. అక్కడ నాకు పోలిక గుర్తు రాలేదు. ఒక మనిషి అంత సేపు అరవడానికి ఎంత కావాలో అదే కనిపించింది, మెడ నరాలతో సహా.

‘లాస్ట్’ పాటని మైక్ కీబోర్డు మీద మెల్లగా మొదలుపెట్టాడు. చెస్టర్ ఉండగా ‘మీటియోరా’ రోజుల్లో రికార్డు చేసి పక్కన పెట్టేసిన పాట అది. ఆ ఆల్బమ్ ఇరవయ్యేళ్ల సందర్భంగా 2023లో బయటికొచ్చింది. అంటే నేను రోజూ ఆ ఆల్బమ్ వింటున్న కాలంలోనే ఈ పాట ఎక్కడో ఉంది.  బయటికొచ్చాక 2023లో కూడా నేను వినలేదు. అరీనాలోనే మొదటిసారి విన్నాను, ఎమిలీ గొంతులో. కళ్లు తుడుచుకున్నాను. పక్కవాళ్లూ తుడుచుకుంటున్నారు.

‘నమ్’ వచ్చినప్పుడు నేను పాడలేదు. అందరూ పాడుతుంటే విన్నాను. ముందు వరసలో యాభై దాటిన ఆయన, వెనక పన్నెండేళ్ల అబ్బాయి, ఇద్దరికీ ఒక్క మాట తప్పు పోలేదు. హాలీవుడ్ బౌల్‌లో జనం పాడటం ఎలా ఉండి ఉంటుందో కొంచెం ఊహకి అందింది. చివర్లో ‘ఫెయింట్’కి మాత్రం ఆగలేకపోయాను. నాకు ఈ బ్యాండ్‌ని పట్టించిన పాట అది. మర్నాడు గొంతు పూర్తిగా పోయింది.

బయటికి వచ్చాక మా పిల్ల అడిగింది: “చెస్టర్ స్టేజీ మీద పాడినవి వినాలంటే ఏది వినను మావయ్యా?” స్టూడియో ఆల్బమ్‌లు వినేసిందట, లైవ్ వినలేదట. ‘లైవ్ ఇన్ టెక్సస్’ చెప్పాను. 2003లో టెక్సస్‌లో రెండు స్టేడియంలలో రికార్డు చేసింది. ముందు ‘పుషింగ్ మీ అవే’తో మొదలుపెట్టమన్నాను, చెస్టర్ గొంతు దగ్గరగా వినపడుతుందని. “మైక్ ర్యాప్ ఉన్నవి కూడా వదలకు, అవి ముఖ్యం” అని కూడా చెప్పాను. అది తలూపి, “మరి నువ్వు ‘ఎ థౌజండ్ సన్స్’ మొత్తం విను” అంది. మొదటి ట్రాక్ నుంచి, వరస మార్చకుండా వినాలట. ఇంటికి వచ్చేలోపే లింక్ పంపించింది.