నల్ల పట్టీ ఇంకా ఎందుకు?

గడువు తీరిన బ్యాంకు కార్డును కత్తెరతో ముక్కలు చేస్తుంటే, వెనుక ఉన్న నల్ల పట్టీ మీద స్వైప్ చేసి చేసి పడిన సన్నని గీతలు కనిపించాయి.

ఆ పట్టీలోని వివరాలు ఎన్నిసార్లు వాడినా మారవు కాబట్టి, వాటిని ఒక్కసారి కాజేసినవాడు నకిలీ కార్డు తయారుచేసుకోగలడు. కార్డు ముందువైపు ఉండే చిప్ మాత్రం తనలోని రహస్య కీని బయటపెట్టకుండానే ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతాన్ని లెక్కగట్టి ఇస్తుంది. అది మరో చెల్లింపుకు పనికిరాదు. 1990లలో యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా అనే కార్డు సంస్థలు కలిసి రూపొందించిన ఈ చిప్ ప్రమాణం మీద నాకు నిజంగా గౌరవం ఉంది.

అయినా కొత్త కార్డు వెనుక కూడా అదే పట్టీ ఉంది. పాత యంత్రాల కోసమే అయినా, నకలుకు దారి తెరిచి ఉంచడం నాకు నచ్చలేదు. 2033 నాటికి తన కార్డుల్లో పట్టీ ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లో ప్రకటించింది. అంత గడువు అక్కర్లేదని నా అభిప్రాయం.