533 మంది బిడ్డల తండ్రి

ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల నడుమ, 2013 నాటి 'డెలివరీ మ్యాన్' హాస్యచిత్రపు అమెరికా డీవీడీ నాకు దొరికింది. మాంసం బండి నడిపే డేవిడ్, తన వీర్యదానం వల్ల 533 మంది పుట్టారనీ, వారిలో 142 మంది తన పేరు తెలియాలని కోర్టుకెక్కారనీ హఠాత్తుగా తెలుసుకుంటాడు. దర్శకుడు కెన్ స్కాట్ కెనడాలో ఫ్రెంచిలో తీసిన తన 2011 నాటి చిత్రాన్నే మళ్లీ ఇంగ్లీషులో తీశారు.

అమెరికా డీవీడీలకు 1వ ప్రాంతపు సంకేతం, మనవాటికి 5వది ఉంటుంది కనుక ఆ డిస్కు మా ఇంట్లో ఆడలేదు. అన్ని ప్రాంతాల డిస్కులనూ ఆడించే ప్లేయరును బావగారిని అడిగి తెచ్చుకున్నాను. తానెవరో చెప్పకుండా పిల్లలను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ వెళ్లే డేవిడ్, సంరక్షణాలయంలో ఉన్న కొడుకు పక్కన కూర్చునే ఘట్టం దగ్గర నా నవ్వు ఆగి గొంతు పట్టుకుపోయింది. ఆ ఒక్క ఘట్టాన్నీ వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను.