ఆర్50నా, జెడ్50 టూనా? ముందు లెన్సు లెక్క తేల్చండి

"కెనాన్ ఆర్50 తీసుకోవాలా, నికాన్ జెడ్50 టూ తీసుకోవాలా, లేక ఇంకొంచెం వేసి పెద్ద సెన్సార్ ఉన్న ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లిపోవాలా?" కెమెరా కొనబోయేవాళ్లు అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. ఫోన్‌లో రెండు మోడళ్ల పట్టిక తెరిచి ఉంటుంది. మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎన్ని ఫోకస్ పాయింట్లు అన్నీ ఉంటాయి, లెన్సు మాత్రం ఉండదు. చీకట్లో ఫొటో బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా లెన్సు దగ్గరే.

ఒక లెక్క చూద్దాం. రాత్రి ముహూర్తం, మండపంలో మామూలు వెలుగు. కెనాన్ ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 6.3కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు కన్ను ఇరుకై వెలుగు తగ్గుతుంది). మనుషులు కదులుతుంటారు కాబట్టి షట్టర్ వేగం కనీసం 1/125 సెకను ఉండాలి. అప్పుడు ఐఎస్ఓ (తక్కువ వెలుగును కెమెరా పెంచి చూపే మోతాదు, ఎక్కువైతే ఫొటో గరుకెక్కుతుంది) 6400 దాకా ఎక్కిందనుకోండి. అదే బాడీకి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తగిలించండి. 6.3ని 1.8తో భాగిస్తే 3.5, దాని వర్గం 12.25. అంటే పన్నెండు రెట్ల వెలుగు లోపలికి వస్తుంది, 6400 ఉండాల్సిన ఐఎస్ఓ 500 దగ్గరికి దిగుతుంది.

ఇప్పుడు లెన్సు అలాగే ఉంచి బాడీ మార్చండి. ఆర్50 సెన్సార్ 22.3 × 14.9 మి.మీ., వైశాల్యం సుమారు 332 చదరపు మి.మీ. ఫుల్ ఫ్రేమ్ ఆర్8ది 36 × 24, అంటే 864. తేడా 2.6 రెట్లు. ఆర్8తో కిట్‌గా ఇచ్చే 24-50 లెన్సు కూడా జూమ్ చివర ఎఫ్ 6.3యే. అంటే బాడీకి బోలెడు డబ్బు పోసి తెచ్చుకునే లాభం రెండున్నర రెట్లు, జూమ్ లేని చిన్న ప్రైమ్ లెన్సు ఇచ్చేది పన్నెండు రెట్లు. కుండ ఎంత పెద్దదైనా మూతి ఇరుకైతే నీళ్లు నెమ్మదిగానే నిండుతాయి. కిట్ లెన్సుతో ఫుల్ ఫ్రేమ్ కొని అక్కడితో ఆగిపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ బేరం.

అలాగని ఎఫ్ 1.8 పెట్టి అన్నీ తీసేయొద్దు. జీలకర్ర-బెల్లం వేళ అడ్డుతెరకు చెరోవైపు ఉన్న వధూవరుల ముఖాలు కెమెరాకు ఒకే దూరంలో ఉండవు. ఎఫ్ 1.8లో ఒకరి కన్ను పదునుగా వస్తే ఇంకొకరి ముఖం మసకబారుతుంది. అక్కడ ఎఫ్ 2.8 నుంచి 4 మధ్య ఉండాలి. ఎఫ్ 2.8 దగ్గర కూడా కిట్ లెన్సు కన్నా ఐదు రెట్ల వెలుగు దక్కుతుంది. మూడు వరుసల బంధువుల గ్రూప్ ఫొటోకి ఎఫ్ 5.6 పెట్టి ఫ్లాష్ వాడటం తప్ప దారి లేదు.

ఏ ప్రైమ్ అన్నదీ ఆలోచించాల్సిందే. "నిఫ్టీ ఫిఫ్టీ చవక" అని అందరూ 50 మి.మీ. కొంటారు. ఆర్50 లాంటి చిన్న సెన్సార్ (ఏపీఎస్-సీ) బాడీ మీద అది కెనాన్‌లో 80 మి.మీ., నికాన్, సోనీల్లో 75 మి.మీ. లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద ఇచ్చేంత ఇరుకు చూపునిస్తుంది. బీచ్‌లో పోర్ట్రెయిట్‌కి అద్భుతం. విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్ హాల్లో బిడ్డ మొదటి పుట్టినరోజుకి అయితే, కేకు, బిడ్డ, తాతయ్య ముగ్గురూ ఫ్రేములోకి రావాలంటే వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకుంటారు. ఇంట్లో ఎక్కువగా తీసేవాళ్లకి 28-30 మి.మీ. సరిపోతుంది. సిగ్మా 30 ఎఫ్ 1.4 సోనీ, నికాన్, కెనాన్, ఫ్యూజీ మౌంట్లన్నిటికీ (మౌంట్ అంటే బాడీకి లెన్సు తగిలించే చోటు) ఉంది. బరువు, ధర రెండూ తగ్గాలంటే కెనాన్ ఆర్ఎఫ్ 28 ఎఫ్ 2.8 ఉంది, 120 గ్రాములే.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట చాలు. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ షీటు 12 × 36 అంగుళాలు. అందులో సగం, అంటే 12 × 18 అంగుళాల నిండా ఒకే ఫొటో వేసినా, అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) దగ్గర 3600 × 5400 పిక్సెళ్లు కావాలి, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. నికాన్ జెడ్50 టూలో ఉన్న 20.9 చాలు, ఆర్50లో ఉన్న 24.2 ధారాళం.

ఇక మోడళ్లు. పేపరు మీద కనబడకుండా తర్వాత ఏడిపించే విషయాలే చెబుతాను. ఆర్50కి ఫ్లాష్ తగిలించే చోట పాత పద్ధతి పిన్నులు లేవు. ఇంట్లో ఉన్న పాత ఫ్లాష్ వాడాలంటే ఏడీ-ఈ1 అడాప్టర్ విడిగా కొనాలి. కెనాన్ 1500డీ లాంటి, లోపల అద్దం ఉండే పాత తరహా చవక డీఎస్ఎల్ఆర్‌లో మధ్య పిన్ను లేదు కాబట్టి చాలా మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వెలగవు. స్టూడియో పని నేర్చుకుందామని కొన్న కుర్రాళ్లకి ఈ సంగతి కొన్నాకే తెలుస్తుంది. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30లకి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. మధ్యాహ్నం ఆర్కే బీచ్ ఎండలో వెనక తెర మీద మీ ముఖమే కనబడుతుంది, ఫ్రేము కనబడదు. వీడియోకే అయితే ఫరవాలేదు, ఫొటోలకి వద్దు. జెడ్‌వీ-ఈ10 టూలో మెకానికల్ షట్టర్ అసలే లేదు. స్టేజీ మీద చవక ఎల్ఈడీ లైట్లుంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి, ఎందుకంటే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతుంటాయి, సెన్సారేమో వరుసలు వరుసలుగా చదువుతుంది. మెకానికల్ షట్టర్ ఉన్న బాడీలో 1/50 గానీ 1/100 గానీ పెట్టి, యాంటీ-ఫ్లికర్ ఆన్ చేస్తే చాలావరకు పోతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసే సైలెంట్ మోడ్ మాత్రం పెళ్లిలో ముట్టుకోవద్దు.

సోనీ ఏ6400 2019 నాటిది, ఫోకస్ ఇప్పటికీ గట్టిదే. దాని ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ చిన్నది, ఒక రోజు పెళ్లికి మూడు బ్యాటరీలైనా ఉండాలి. ఏ6700లో పెద్ద ఎన్‌పీ-ఎఫ్‌జడ్100 బ్యాటరీ, బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నాయి. ఆ స్టెబిలైజేషన్ మీద పెట్టుకునే ఆశ ఒకటి సరిచేయాలి. బొర్రా గుహల్లో సున్నపురాయి కదలదు కాబట్టి 1/8 దగ్గర కూడా చేత్తో తీయొచ్చు, అక్కడ అది బంగారం. పరిగెత్తే పిల్లవాడు మాత్రం 1/8లో ఎంత స్టెబిలైజేషన్ ఉన్నా చెదిరిపోతాడు. చేతి వణుకును ఆపుతుంది తప్ప పిల్లవాణ్ణి ఆపలేదు.

నా ఎంపికలు ఇవి. ఇంటి ఫొటోలు, ప్రయాణాలు, చిన్న సంచి అయితే ఆర్50 బాడీతో ఒక ప్రైమ్. చేతికి మంచి పట్టు, పక్షుల ఫోకస్ కావాలంటే జెడ్50 టూ. వీడియో, ఫొటో రెండూ, రేపు లెన్సులు పెంచుకుంటూ పోవాలన్న ఉద్దేశం ఉంటే సోనీ. ఆ మౌంట్‌కి సిగ్మా 18-50 ఎఫ్ 2.8, టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 లాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. కెనాన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌లో ఏపీఎస్-సీ లెన్సులకి సిగ్మా, టామ్రాన్‌లను రానిచ్చింది 2024లోనే. కొత్త డీఎస్ఎల్ఆర్‌లను కెనాన్, నికాన్ 2020 తర్వాత విడుదల చేయలేదు. అయినా డబ్బు బాగా తక్కువైతే సెకండ్ హ్యాండ్ నికాన్ డీ7500 చెడ్డది కాదు. బాడీలో ఫోకస్ మోటారు ఉంది కాబట్టి సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకీ ఆటోఫోకస్ పనిచేస్తుంది. డీ5600లో గానీ, జెడ్ బాడీకి ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో గానీ అవి చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

విశాఖలో వెలుగు ఏ గంటకి ఎటునుంచి వస్తుందో దాన్నిబట్టీ లెన్సు మారుతుంది. సముద్రం మనకి తూర్పున. పొద్దున బీచ్‌లో సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం చీకటే. ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి, లేదా చిన్న ఫ్లాష్ వేయాలి. సాయంత్రం నాలుగు దాటితే ఎండ ఫొటో తీసేవాళ్ల వెనక నుంచి ఎదుటివాళ్ల ముఖం మీదికి వస్తుంది, కిట్ లెన్సు కూడా చక్కగా ఇస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం తీయాలంటే ఎఫ్ 1.8 లేక ఎఫ్ 2.8 లేకుండా వెళ్లడం దండగ. (డాల్ఫిన్ నోస్ వైపు, పోర్టు వైపు నేవీ బోర్డులు ఉన్నచోట కెమెరా బయటికి తీయకండి. టెలీ లెన్సయితే మరీనూ.) రుషికొండలో అలలు పాలపొంగులా రావాలంటే ట్రైపాడ్, లెన్సులోకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ఫిల్టర్ లేకుండా 1/30 వచ్చేచోట ఆరు స్టాపుల ఎన్‌డీ 64 పెడితే రెండు సెకన్లు, పది స్టాపులది పెడితే సుమారు అర నిమిషం. అలకి రూపం మిగలాలంటే మొదటిదే మేలు.

పక్షులకైతే కంబాలకొండ. అక్కడ కిట్‌తో వచ్చే 55-210 పొట్టిది. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే, ఏపీఎస్-సీ మీద 640 మి.మీ. చూపు వస్తుంది. ఎఫ్ 8 కాబట్టి చెట్ల కింద ఐఎస్ఓ 3200, 6400 తప్పవు. సోనీ 70-350 చివర ఎఫ్ 6.3, కాస్త నయం. ఇక్కడ బాడీలో పక్షి కన్ను పట్టే ఫోకస్ ఉండటం నిజంగా పనికొస్తుంది, పట్టికలో ఆ గడి చూడటం తప్పు కాదు.

ఉన్నది 100 రూపాయలనుకుంటే 50 బాడీకి, 30 మంచి లెన్సుకి ఉంచండి. మిగిలిన 20 కార్డు, రెండో బ్యాటరీ, లెన్సుకు తేమ తగలకుండా దాచే పొడి డబ్బా. కార్డుకి వీ30 (సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాసే వేగం) చాలు. 4కే వీడియో 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే, గంటకి 45 జీబీ. వీ90 కొనమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

పొడి డబ్బాకి డబ్బు మిగలకపోతే లెన్సు ధర తగ్గించుకోండి గానీ దాన్ని మానొద్దు. మన గాలిలో తేమ ఎంతో బట్టలు ఆరేసే ఎవరికైనా తెలుసు. 60 శాతం దాటిన తేమలో, చీకట్లో, గాలి ఆడని తోలు సంచిలో నెలల తరబడి పడుకున్న లెన్సు లోపల తెల్లటి సాలీడు గూడులా ఫంగస్ పడుతుంది. అది గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు, వారంటీ కూడా సాధారణంగా ఒప్పుకోదు. బిగుతు మూత ఉన్న పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 100 నుంచి 200 గ్రాముల సిలికా జెల్, చిన్న డిజిటల్ తేమ మీటరు ఉంటే చాలు. సూచి 40-50 మధ్య ఉంచండి. 30 కన్నా దిగితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. రంగు మారే జెల్‌లో నీలం గులాబీ అయినా, నారింజ ఆకుపచ్చ అయినా తేమ నిండిందని అర్థం. నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది, వంటింటి ఓవెన్‌లో వేడి చేయొద్దు, నారింజదే కొనండి. బియ్యంలో పెట్టే అలవాటు మానండి, దుమ్ము తప్ప ఏమీ రాదు.

బీచ్ నుంచి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తని గుడ్డతో బాడీ, లెన్సు గొట్టం తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. ఉప్పు పొడిగుడ్డకి రాదు, రుద్దితే గీతలు పడతాయి. ముందు గాజును బ్లోయర్‌తో ఊదండి, తర్వాతే తుడవండి. ఇసుకలో లెన్సు మార్చొద్దు. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా తీస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. సంచి జిప్పు వేసే ఉంచి, 20-30 నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. తేమ, దుమ్ము లోపలికి పోకుండా వెదర్ సీలింగ్ ఉందని ఆర్7 లాంటి బాడీలు చెప్పుకుంటాయి. సీలింగ్ లేని కిట్ లెన్సు తగిలిస్తే ఆ మాటకి విలువ లేదు.

జగదాంబ సెంటర్‌లో కొన్నా, ద్వారకానగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ చూడండి. అది లేకపోతే కంపెనీ దారిన రాని గ్రే మార్కెట్ సరుకే, కంపెనీ సర్వీసు సెంటర్ ఇక్కడి వారంటీ ఇవ్వకపోవచ్చు. బాడీ కింద ఉన్న సీరియల్ నంబరు, పెట్టె మీదిది, బిల్లులోది మూడూ ఒకటే కావాలి. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా తగ్గిస్తాను" అంటే తగ్గేది వారంటీయే.

సెకండ్ హ్యాండ్ అయితే లెన్సును రెండు వైపులా మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. నాలుగు దుమ్ము కణాలు ఫరవాలేదు, దారాల్లా పాకిన గీతలుంటే వదిలేయండి. నికాన్‌లో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఫొటో ఫైలులోనే ఉంటుంది, కెనాన్‌కి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. డీ7500 షట్టర్‌ని 1,50,000 దాకా పరీక్షించారు. పెళ్లిళ్లకి తిరిగిన బాడీలో ఆ అంకె దాటేసి ఉండటం మామూలే, ఫ్లాష్ షూ రంగు ఎంత అరిగిందో చూసినా తెలుస్తుంది. బ్యాటరీని బల్ల మీద పెట్టి తిప్పండి, గుండ్రంగా తిరిగితే ఉబ్బిందని అర్థం.

కొత్తదైనా సరే, షాపు మార్చి ఇచ్చే గడువులోనే మూడు ఫొటోలు తీయండి. మూత పెట్టి ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే మెరిసే చుక్కలు హాట్ పిక్సెళ్లు. ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి తెల్లగోడను తీస్తే కనబడే నల్లమచ్చలు సెన్సార్ మీది దుమ్ము. గోడకి అంటించిన న్యూస్‌పేపరును, కెమెరా దానికి సరిగ్గా ఎదురుగా ఉండేట్టు ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే నాలుగు మూలల అక్షరాలూ ఒకేలా ఉండాలి. ఒక్క మూలే మసకగా ఉంటే లెన్సు లోపల గాజు పక్కకి జరిగినట్టు. మార్చి ఇవ్వమనండి, రిపేరుకి ఒప్పుకోవద్దు.