సాయంత్రపు ఓటములు

ఆన్‌లైన్ చదరంగంలో నాది మొదటి నుంచీ దూకుడు ఆట. మూడు నిమిషాల ఆటలు తప్ప ఆడేవాణ్ణి కాదు. గుర్రాన్నో శకటునో ఎరవేసి, ఎదుటి రాజు ముందున్న బంట్లను చెల్లాచెదురు చేసి, గడియారం అయిపోయేలోగా గెలవడమే నాకు తెలిసిన విద్య. నేను ఆడే లిచెస్ అనే వెబ్‌సైటులో కొత్తగా చేరిన ఎవరికైనా రేటింగు 1500 దగ్గర మొదలవుతుంది. నేను కిందామీదా పడి 1700 దాకా వచ్చాను. గత ఏడాది వేసవిలో అది జారడం మొదలై 1450కి దిగింది. ఆడిన ప్రతి ఆటా వేళతో సహా నిలవ ఉంటుంది కాబట్టి ఒక రాత్రి అన్నీ తిరగేశాను. పగటి ఆటల్లో గెలుపోటములు మామూలుగానే ఉన్నాయి. చిత్తుగా ఓడినవన్నీ సాయంత్రం ఆరు దాటాక ఆడినవి. మంత్రిని ఊరికే అప్పజెప్పిన ఆటలు కూడా వాటిలో ఉన్నాయి.

అప్పటికే దగ్గు వదలడం లేదు. విజయనగరం ఎండలకు, దుమ్ముకు దగ్గని వాళ్లెవరు? ఒక ప్రైవేటు వైద్యుడు యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి రాశారు గాని తెమడ పరీక్ష ఊసే ఎత్తలేదు. మా మేనత్త నర్సుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందని, రాత్రి చెమటకు చొక్కా తడిసిపోతోందని వినగానే, "ఆ ఫోను పక్కన పెట్టి, రేపు పొద్దున్నే తెమడ ఇచ్చి రా నాన్నా" అన్నారు. క్షయ అని తేలింది. సాయంత్రం పూట జ్వరం పెరగడం ఈ జబ్బు లక్షణమట. నా ఓటములకు కారణం దొరికిందని ఒక్క క్షణం సంతోషించాను కూడా.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మొదటి 2 నెలలు నాలుగు రకాలు, తరువాతి 4 నెలలు మూడు రకాలు, బరువును బట్టి మాత్రలు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని అత్త ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాణ్ణి. పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడితే అమ్మ గుడ్లు, పాలు తెప్పించి, పొద్దున్నే చోడి అంబలి పట్టించేది. ఇరుగుపొరుగుకు మాత్రం టైఫాయిడ్ అని చెప్పింది. ఆ దాపరికం నాకు జబ్బుకన్నా చికాకుగా ఉండేది.

మొదటి వారాలు మేడ మీది గదిలో ఒంటరిగా ఉన్నాను. మాత్రలు వేసుకున్నాక వికారం, తలదిమ్ము. మూడు నిమిషాల ఆట నా వల్ల కాలేదు. అందుకే 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల అదనం ఉన్న ఆటలకు మారాను. నల్లపావులతో కారో-కాన్ అనే నిదానమైన రక్షణ ఆరంభం మొదలుపెట్టాను. ఒకప్పుడు ముసలివాళ్ల ఆట అని ఎగతాళి చేసినదే అది. బలులివ్వడం మానేసి, బంట్లను చక్కబెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. ఆట ముగింపులు నేర్చుకున్నది కూడా అప్పుడే.

సిరిమాను నాడు ఇంటిల్లిపాదీ పైడితల్లి అమ్మవారి ఉత్సవానికి వెళ్లారు. జనంలో తిరగొద్దని అత్త నన్ను ఆపేశారు. డప్పుల మోత మేడ దాకా వినబడుతోంది. నాకు ఒక ఏనుగు, ఎదుటివాడికి ఒక ఏనుగూ ఒక బంటూ మిగిలాయి. ఇలాంటప్పుడు ఓడకుండా కాచుకునే ఫిలిడార్ పద్ధతి చదివి ఉన్నాను. 18వ శతాబ్దపు ఆ ఫ్రెంచి ఆటగాడు సంగీతకర్త కూడా, మా ఊళ్లో పుట్టాల్సినవాడు. నా రాజును బంటుకు ఎదురుగా ఉంచి, ఏనుగును నా వైపు నుంచి మూడో వరుసలో కాపలా పెట్టాను. అతని రాజు ముందుకు రాలేక అటూ ఇటూ తిరిగింది. విసిగిపోయి బంటును ఆ వరుసలోకి తోశాడు. వెంటనే నా ఏనుగును బల్ల ఆ చివరికి దింపి, వెనక నుంచి షా మీద షా చెప్పాను. తలదాచుకోవడానికి అతని రాజుకు చోటు లేదు. ఆట డ్రా అయింది. గెలిచిన ఆటలేవీ నాకు అంత తృప్తినివ్వలేదు.

జనవరిలో మందులు ఆపేశారు. ఎక్స్‌రేలో మచ్చ మాత్రం మిగిలింది. పోయిన బరువు తిరిగి వచ్చింది, నిదానపు ఆటల్లో రేటింగు 1640కి చేరింది. మూడు నిమిషాల ఆటలో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా నన్ను ఓడిస్తున్నారు.

ఈ మధ్య నాన్న చెక్కబల్ల తీసి ఆటకు పిలుస్తున్నారు. ఆయనది దేశవాళీ పద్ధతి. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే జరగాలి, రాజు ఒకసారి గుర్రంలా దూకవచ్చు. ఆ రాజు ఎప్పుడు దూకుతుందో నాకు ఇంకా అంతుపట్టలేదు.