22వ రోజు, ముద్దపప్పు

అన్నం, పప్పు, పెరుగు మానేసి 22 రోజులైంది. వ్యవసాయం మొదలై 10,000 ఏళ్ల పైచిలుకే కదా, మన ఒళ్లు ఇంకా వేటగాళ్ల తిండికే అలవాటుపడి ఉందన్నది ఈ రాతియుగం డైట్ వాదన. మెహిదీపట్నం రైతుబజార్ నుంచి చిలగడదుంపలు, గుడ్లు మోసుకొస్తుంటే అమ్మ అడిగింది: “వాళ్లూ లిఫ్టులోనే ఎక్కేవాళ్లా?”

కేబీఆర్ పార్కు దగ్గర చెప్పుల్లేకుండా నడిచా. రెండో రోజే మడమలో ముల్లు. సరే, అది వదిలేయండి.

జోర్డాన్‌లో సుమారు 14,000 ఏళ్ల నాటి రొట్టె ముక్కలు దొరికాయట. అంటే వ్యవసాయానికి ముందే రొట్టెలు కాల్చుకున్నారు! అది చదివాక మనసు జారింది.

నిన్న రాత్రి అమ్మ ముద్దపప్పులో ఆవకాయ కలుపుతుంటే ఎర్రటి నూనె కంచం అంచుదాకా పాకింది. ఒక్క ముద్ద పెట్టమన్నా. మూడు తిన్నా.