మావయ్యగారు, మూడో నంబరు

20 అక్టోబరు 2024, ఆదివారం, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

లేచేసరికి తొమ్మిది దాటింది. నిన్న అట్లతద్దికి రుబ్బిన పిండి ఇంకా సగం గిన్నె ఉంది కాబట్టి టిఫిన్ ఆలోచన తప్పింది. అట్లు తిన్నాక, ఎప్పుడో పోస్టులో వచ్చి ఫ్రిజ్ మీద పడున్న బ్యాలెట్లు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం.

ప్రెసిడెంటు దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. అసలు పని, ఓటర్లే నేరుగా అవునో కాదో తేల్చే రాష్ట్ర ప్రతిపాదనల దగ్గరే, ఈసారి మొత్తం పది. అద్దెల మీద, కనీస వేతనం మీద, దొంగతనాలకు శిక్షల మీద. మూడో నంబరు పెళ్ళి మీద. పైకి చదువుతుంటే, సోఫాలో ఫోను చూసుకుంటున్న మావయ్యగారు తలెత్తారు.

"పెళ్ళికీ ఓటుకీ ఏంటమ్మా సంబంధం?"

ఆయన గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చట్టం మాట వినిపిస్తే టీవీ కట్టేస్తారు. సరే, మొదట్నుంచీ చెప్పాను.

మేం ఈ దేశం వచ్చింది 2008లో. అప్పుడు సన్నీవేల్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆ ఏడు మే నెలలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నలుగురికి ముగ్గురుగా తీర్పిచ్చి, ఆడవాళ్ళిద్దరైనా మగవాళ్ళిద్దరైనా పెళ్ళి చేసుకోవచ్చంది. జూన్ మధ్య నుంచి పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. అది నచ్చనివాళ్ళు రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చడానికి ప్రాప్ 8, అంటే ఎనిమిదో నంబరు ప్రతిపాదన తెచ్చారు. ఇళ్ళ ముందు గడ్డిలో పసుపు పచ్చ బోర్డులు, టీవీలో గంట గంటకీ ప్రకటనలు. నాకు ఓటు లేదు, ఇంగ్లీషు యాస ఇంకా పట్టుబడలేదు, ఏం జరుగుతోందో సగమే అర్థమయ్యేది. ఒబామా గెలిచిన రోజే, నవంబరు 4న, ప్రాప్ 8 కూడా 52 శాతంతో గెలిచింది. ఒక మగవాడికీ ఒక ఆడదానికీ మధ్య జరిగిన పెళ్ళే చెల్లుతుందని ఒక్క వాక్యం రాజ్యాంగంలోకెక్కింది.

"మరి ఈ మధ్యలో చేసుకున్నవాళ్ళ సంగతి?" అన్నారు మావయ్యగారు. రిజిస్ట్రారు బుర్ర! సరిగ్గా ఆ ప్రశ్నే 2009లో కోర్టు ముందుకొచ్చింది. నిషేధం చెల్లుతుంది, ఆ నాలుగున్నర నెలల్లో చేసుకున్న 18,000 జంటల పెళ్ళిళ్ళూ చెల్లుతాయి అని తేల్చారు. అక్టోబరులో చేసుకుంటే భార్యాభర్తల హక్కులు, నవంబరు చివర వెళితే కౌంటర్లో "లేదు" అన్న మాట.

ఆ తర్వాతది ఫెడరల్ కోర్టులో. ఇది నాకు ఇష్టమైన భాగం. 2000లో ప్రెసిడెంటు ఎన్నిక మీద నడిచిన బుష్, గోర్ కేసులో చెరోవైపు వాదించిన లాయర్లు టెడ్ ఓల్సన్, డేవిడ్ బోయీస్ ఇద్దరూ ఈసారి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి వాన్ వాకర్ నిషేధాన్ని కొట్టేశారు. గవర్నరుగానీ అటార్నీ జనరల్‌గానీ నిషేధం తరఫున నిలబడబోమన్నారు. అది తెచ్చినవాళ్ళే అప్పీలుకి వెళ్ళారు. 2013 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు, అప్పీలు చేసే అర్హత మీకు లేదు పొమ్మంది. దాంతో వాకర్ తీర్పే నిలిచింది. నిషేధం తప్పో ఒప్పో చెప్పనే లేదు. దేశమంతటా ఈ పెళ్ళిళ్ళు హక్కేనన్న మాట 2015 తీర్పు దాకా రాలేదు. ఇంత జరిగినా ఆ వాక్యం మాత్రం రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. 2022లో అబార్షన్ తీర్పప్పుడు జస్టిస్ థామస్, పెళ్ళి తీర్పునీ మళ్ళీ చూడాలని రాశాక అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆ వాక్యం తీసేయడానికే ఈ మూడో నంబరు.

"మన సుప్రీంకోర్టు కుదరదందిగా" అన్నారాయన. అవును, పోయినేడు అక్టోబరు 17న. ఆ కేసు వేసినవాళ్ళలో హైదరాబాదు జంట కూడా ఉంది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని, అది పార్లమెంటు చూసుకోవాలని అయిదుగురు జడ్జీలూ అన్నారు.

ఇంతలో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డు. మూడో నంబరు పాసైతే అన్నాచెల్లెళ్ళు కూడా పెళ్ళి చేసుకోవచ్చట! ఓటర్ల పుస్తకంలో వ్యతిరేకులు రాసిన వాదనా ఇంచుమించు అదే. అదే పుస్తకంలో, ఎవరు ఎవర్ని చేసుకోవచ్చన్నదాంట్లో మార్పేమీ ఉండదని రాష్ట్ర విశ్లేషకులు రాసింది ఎవరూ చదవరు. నాకు నవ్వొచ్చిందేమిటంటే, పంపినావిడది మేనరికం.

మావయ్యగారిదీ అంతే, అత్తయ్య ఆయనకి మేనమామ కూతురు. బావామరదళ్ళ పెళ్ళి కాలిఫోర్నియాలో చెల్లుతుంది, టెక్సాస్‌లో నిషేధం అని చెప్పాను.

"అయితే డల్లాసులో అమ్మాయి దగ్గరికి మీ అత్తయ్యని తీసుకెళ్ళకూడదన్నమాట."

"కొత్తగా లైసెన్సు ఇవ్వరంతే మావయ్యగారూ."

"ఇప్పుడు మళ్ళీ ఎవరు చేసుకుంటారాయన్ని" అంది అత్తయ్య వంటింట్లోంచి.

1955 హిందూ వివాహ చట్టంలో దగ్గర చుట్టరికాలు నిషేధిస్తూనే, ఆచారం ఉంటే తప్ప అని ఒక మినహాయింపు పెట్టారు. మనకి ఏళ్ళ తరబడి ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే దొరికింది. ఎవరి ఓటూ అడగలేదు.

నాకు ఈ విషయం పట్టడానికి ఇంకో కారణం ఉంది. నేను హెచ్4 మీద, అంటే భార్యగా వచ్చే వీసా మీద వచ్చాను. నన్ను విమానం ఎక్కించింది డిగ్రీ కాదు, పెళ్ళి సర్టిఫికెట్టు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా టీమ్‌లో ఒకతనుండేవాడు. అతని భాగస్వామికి చదువు వీసా అయిపోయి సొంత దేశం వెళ్ళిపోవాల్సొచ్చింది. పెళ్ళికి బదులు రాష్ట్రం ఇచ్చే డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ కాగితం కాన్సులేట్లో చెత్తకాగితంతో సమానం, పెళ్ళే చేసుకున్నా అప్పటి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఆ చట్టంలోని ఆ నిబంధనా అదే 2013 జూన్ 26న పోయింది. పేరు పెళ్ళైతేనేం, ఇంకోటైతేనేం అనేవాళ్ళని వీసా లైన్లో నిలబెట్టాలనిపిస్తుంది.

మావయ్యగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన ఆఫీసు కబుర్లు మొదలెట్టారు. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద వచ్చిన జంటల నోటీసు ముప్పై రోజులు గోడకి అంటించాలి. కులాంతరం జంట అయితే మూడో రోజుకల్లా ఇద్దరి వైపువాళ్ళూ కర్రలతో దిగేవాళ్ళట.

"అభ్యంతరం రాసివ్వమనేవాణ్ణి. వయసు చాలలేదా, ఇదివరకే పెళ్ళయిందా, మతిస్థిమితం లేదా, చుట్టరికం అడ్డొస్తుందా. నాకు నచ్చలేదు అని రాయడానికి కాలమ్ లేదమ్మా అందులో" అన్నారు. ఆ వెంటనే, "అయినా మగాడూ మగాడూ పెళ్ళేంటో" అని కూడా అన్నారు. ఆయనకి ఓటుంటే ఎటు వేసేవారో నాకిప్పటికీ తెలీదు.

నేను "అవును" గడి నింపాను. మా ఆయన తన కాగితం చేయి అడ్డంపెట్టుకుని నింపారు, పరీక్ష హాల్లో లాగా. సంతకాలు చేసి, లైబ్రరీ దగ్గర డ్రాప్ బాక్సులో వేసి, అటునుంచటే కాస్ట్‌కోకి వెళ్ళొచ్చాం.

సాయంత్రం ఆ ఫార్వర్డు పంపినావిడకి విడిగా మెసేజి పెట్టాను, విశ్లేషణ పేజీ ఫోటోతో సహా. మేనరికం మాట ఎత్తలేదు, పాపం. "ఓహో అలాగా అక్కా. మరి 33కి ఏం వెయ్యాలి, అద్దెలది?" అని అడిగింది. వాళ్ళకి రెండు ఇళ్ళు అద్దెకున్నాయి.